మన చేనులో ఎర్రచుక్క

నాయినా,

నిన్న నీ సంవత్సరికం చేసి, ఇవాళ అచ్చంపేట ఆఫీసుకు వచ్చాను. ఎండలు ముదిరితే నల్లమల అంచున మన చేనులో నిలబడి నువ్వే ఫోను చేసేవాడివి. "బిడ్డా, గుట్ట మీద పొగ లేస్తుంది, జర చూడు" అనేవాడివి. ఇప్పుడు మంట ఎక్కడ రేగినా ఉపగ్రహం పసిగట్టి, ఇక్కడి అడవికి బీటు ఆఫీసరునని నా ఫోనుకే మెసేజి పంపుతుంది. అయినా ఫోను మోగినప్పుడల్లా నీ పేరు కోసమే చూస్తాను.

నిరుటి మంటలన్నీ కంప్యూటరు మ్యాపులో ఎర్రచుక్కలుగా ఉన్నాయి. వాటిని చూస్తూ చూస్తూ మా పై అధికారి, రేంజి సారు, మన చేనులోని చుక్క దగ్గర ఆగారు.

"ఇది అడవి బయట ఉంది గదమ్మా. ఎవరో చెత్త కాలవెట్టిండ్రేమో, తీసెయ్."

"చెత్త కాదు సార్. అది మా నాయిన కాష్టం."

సారు కుర్చీ వెనక్కి జరిపారు. తర్వాత "ఉండనియ్యమ్మా" అని మెల్లగా లేచి వెళ్లారు.

ఆ మ్యాపులో ఉన్న మంటలన్నిటినీ ఆర్పడానికే పరుగెత్తాను నాయినా. అదొక్కటే నా చేత్తో అంటించి, చల్లారేదాకా పక్కన నిలబడ్డాను.