రుమాలు వేసిన దీవి

విశాఖపట్నం,
జూన్ 1985

అన్నయ్యకి,

ఇక్కడ నేను తప్ప అందరూ కులాసా.

మీ ఓడ డెన్మార్క్ రేవులో ఆగినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో ఉన్న చిన్న దీవి మాదంటే మాదని కెనడా, డెన్మార్క్ జెండాలు పాతుతున్నాయని చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. మనం కూర్మన్నపాలెం బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టడం లాంటిదే కదా!

ఆ మధ్య నేను రుమాలు వేసిన సీట్లో ఒకాయన కూర్చున్నాడు. లేవమంటే, "రుమాలేసేస్తే సీటు మీదైపోద్దేటండీ?" అన్నాడు. పేరు గురునాథరావు, ఉండేది కూర్మన్నపాలెంలోనే, స్టీల్‌ప్లాంటులో ఫిట్టరు. ఇప్పుడు రోజూ నాకోసం ఆయనే రుమాలు వేస్తున్నాడు.

ఇంట్లోనూ జెండాలు లేచాయి. "పిల్ల పుట్టిన్నాడే మావోడికని సెప్పీసినాను" అని అత్త. "మా తమ్ముడుండగా ఇంకెవులికిత్తాం?" అని అమ్మ. వచ్చే నెలాఖరున నాన్న తీర్పు చెబుతాడట. ఇంతవరకు నన్ను అడిగినవాడు గురునాథరావు ఒక్కడే.

నాన్న నీ మాట వింటాడు. ముందు దీవిని అడగమని వెంటనే టెలిగ్రాం కొట్టు. అడగకపోతే ఆ దీవే బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్లిపోతుందని కూడా చెప్పు.

నీ చెల్లెలు