కొంగ ఏల్‌లో ఓ చెంచా ఎక్కువ

బర్టన్,
9 జూన్ 2021, బుధవారం.

ప్రియమైన డెస్మండ్‌కు,

ఐలీన్ ప్రేమతో రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఉత్తరం అన్నాక అందరూ రాసే మాటే ఇది, కానీ ఈసారి నిజంగానే రాస్తున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

నువ్వు మా పెరటి గేటు దగ్గర దొంగలా పెట్టి వెళ్ళిన బీరు సీసాలు అందాయి. తలుపు తడితే నీ సొమ్మేం పోయేది? మూడేళ్ళయినా అలక తీరలేదన్నమాట.

తప్పు మా ఆయన ట్రెవర్‌దే, కాదనను. కొంగ ఏల్ బీరు తయారుచేసే కంపెనీ మూతపడ్డాక, దాన్ని అచ్చం అలాగే ఇంట్లో కాచి తెమ్మని ఇంట్లో బీరు కాచేవాళ్ళ మన సంఘం పందెం పెట్టింది. ఈ ఊరి పాత బావుల నీటి రుచి రావాలని అందరూ కుళాయి నీళ్ళలో జిప్సం కలుపుతారు. అది ఎక్కువైతే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, నీ చెయ్యేమో ఎప్పుడూ ఓ చెంచా ఎక్కువే. అయినా ఈయన మార్కులేసే కుర్చీలో కూర్చుని, "జిప్సం కలపమంటే గోడకు సున్నం కొట్టినట్టు కొట్టాడు, ఒకటే గుడ్ల కంపు" అని అందరి ముందూ అనాలా? నువ్వు గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయావు. నువ్వూ తక్కువ తినలేదులే.

అంతటి ముక్కుకు చలికాలంలో వచ్చిన జ్వరంతో వాసనే తెలియకుండా పోయింది. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. విరిగిపోయిన పాలు తాగేసి బాగున్నాయన్నాడు. ఒకరోజు పొయ్యి ఆరిపోయి వంటిల్లంతా గ్యాస్ కంపు కొడుతుంటే, అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆ రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. పోయిన వాసన ఇక తిరిగి రాదేమో, అలవాటు పడాలి అన్నాడు డాక్టరు. మన ఊరి అలవాటు కొద్దీ వీధిలో ఎవరు ఎదురైనా "ఏం బాతూ, బాగున్నావా?" అని ఆప్యాయంగా పలకరించే మనిషి, ఇంట్లో నన్ను కూడా బాతూ అనడం మానేశాడు. తిండి తగ్గి, చొక్కా వదులైంది. అందుకే ఆగలేక నీకు ఫోన్ చేసి చెప్పుకున్నాను.

మొన్న ఆదివారం భోజనానికి నువ్వు కాచి తెచ్చిన సీసా ఒకటి తీశాను. అడుగున పేరుకున్న ఈస్ట్ కదలకుండా మెల్లగా వంచి ఇచ్చాను. అలవాటు కొద్దీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. "ఛీ, ఏమిటీ కంపు? గుడ్డు కుళ్ళిందా?" అన్నాడు.

ఇంట్లో గుడ్లే లేవు డెస్మండ్! పళ్ళెం పక్కన పెట్టి, "మళ్ళీ చూడు" అన్నాను. చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన, దాని వెనకే బీరులో వేసే హాప్స్ పూల వాసన. "కొంగ ఏల్ కదూ!" అని చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఆవపిండి, సబ్బు, కుక్క, నా జుట్టు, అన్నీ వాసన చూస్తూ ఇల్లంతా తిరిగాడు. చివరికి, "మాంసం మాడ్చావు బాతూ" అన్నాడు. నా వంటకు వంక పెడితే ఇంత హాయిగా ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. గుండెల మీద నుంచి పెద్ద బండ దించినట్టయింది.

నీ పేరు ఎత్తొద్దన్నావుగా, ఎత్తలేదు. సంఘం వాళ్ళు పంపారని చెప్పాను. సరేనన్నాడు, ఇంకేం అడగలేదు. నీ గుట్టు నా దగ్గర భద్రం.

నీ మేలు మరువని,
ఐలీన్.

తా.క.: కవరు అంటిస్తుంటే ట్రెవర్ వచ్చి, ఎవరికని అడిగాడు. మా చెల్లెలికన్నాను. పగలబడి నవ్వాడు. "అసలు కొంగ ఏల్‌కి అంత కంపెక్కడిది బాతూ? జిప్సం డబ్బా బోర్లించే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటేగా. మొదటి గుక్క తాగకముందే తెలిసిపోయింది" అన్నాడు. మరి ఈ మూడు రోజులూ నోరెందుకు మూసుకున్నావని కడిగేశాను. "వాడి గుడ్ల కంపు తగిలాకే నేను బతికున్నట్టు అనిపించింది. ఆ మాట నీతో చెప్పి పంపేది కాదు, వాడి మొహం చూసి చెప్పాలి" అన్నాడు. ఆదివారం భోజనానికి రా. మార్కులు మాత్రం పెంచడట.