అత్త అడిగిన స్పానిష్ మాట

నంద్యాల,
13-5-1956, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అనసూయకు, బి.ఏ. పట్టభద్రుడూ, తాలూకా కచేరీ గుమాస్తా అయిన నీ మగడు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, హోటలు సాంబారూ ఒకరినొకరం ఓర్చుకుంటూ క్షేమంగానే ఉన్నాం. ఆళ్లగడ్డలో మీ నాయన, మీ అమ్మ, నువ్వు క్షేమమని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. తలకు నూనె పెట్టుకుంటున్నాను. చొక్కా గుండీలు ఊడినవి ఊడినట్టే ఉన్నాయి. మూడోది మా అత్త, అనగా మీ అమ్మ, అడిగినది: స్పెయిను ఓడలో వంటవాడుగా పోయిన మీ అన్న నారాయణ తిరిగొచ్చేటప్పుడు వెంట దొరలెవరైనా వస్తే, వాళ్ల స్పానిష్‌లో "రండి" అని ఎట్లా పిలవాలి?

నా దగ్గరున్నది మద్రాసులో పాతపుస్తకాల అంగడిలో కొన్న నిఘంటువు. ఇంగ్లీషు మాట ఇస్తే స్పానిష్ మాట ఇస్తుంది; తిరగేసి అడిగితే మూగనోము పట్టినట్టు ఊరుకుంటుంది. ఇంగ్లీషు ‘కమ్’కు అందులో ‘వెనీర్’ అని ఉంది. అది బొత్తిగా నిలకడ లేని మాట. చనువున్నవాణ్ణి ‘వెన్’ అనాలట, పెద్దవాళ్లను ‘వెంగా’ అనాలట. నిన్న వచ్చినాడంటే ‘వీనో’, రేపు వస్తాడంటే ‘వెంద్రా’. అత్తకు ‘వెంగా’ చాలు.

అనసూయా, ఇంతవరకు అత్తకు చదివి వినిపించు. తక్కినది పెరట్లోకి పోయి, ఒక్కదానివే చదువు.

పోయిన నెల ఓడవాళ్లు పంపిన ఆ స్పానిష్ ఉత్తరం మీ నాయన కచేరీకి తెచ్చినప్పుడు, నారాయణ బావ పేరు, ఒక తేదీ, ఆసుపత్రి అనే మాట తప్ప నాకేమీ తెలియలేదు. తెలియదని చెప్పబోయినాను.

"ఏమప్పా అల్లుడా, బి.ఏ. చదివినోనివి, నీకు రాని బాస గూడా ఉంటాదా?" అన్నాడు మామ, అందరూ వినేటట్టు.

నేను కళ్లద్దాలు సవరించుకుని, గంభీరంగా తల పంకించి, "జబ్బు చేసి నయమైంది మామా, వస్తాండాడు" అన్నాను. మామ కచేరీ అంతా మిఠాయి పంచి పోయినాడు.

ఆ ఉత్తరానికి నకలు రాసి పెట్టుకున్నాను. అందులో ‘మురియో’ అని ఒక మాట ఉంది. నిన్న అత్త కోసం పుస్తకం చివర క్రియల రూపాల పట్టికలు తిరగేస్తుంటే, పక్క పుటలో కనబడింది. చనిపోయినాడు అని అర్థం. మార్చి ఇరవై రెండున. వేలు పెట్టి మూడుసార్లు చూసినాను.

గురువారం ఆత్మకూరువాళ్లతో బావకు తాంబూలాలు మార్చుకుంటున్నామని రాశావు. అవి మారినాయంటే ఆ పిల్లను ఊరు బతికినన్నాళ్లూ ఏమని పిలుస్తుందో నీకు తెలుసు. ఆ సంబంధం నా నోటిమాట మీద కుదిరింది, నా నోరే దాన్ని ఆపాలి. రేపే బస్సెక్కవచ్చు. కానీ నీకు నలుగురి ముందర తెలియకూడదని ఈ ఉత్తరాన్ని ముందు పంపుతున్నాను. బుధవారం మొదటి బస్సుకు నేను దిగుతాను. అంతదాకా అత్తను కడుపు నిండా తిననీ.

ఆ స్పానిష్ ఉత్తరానికి అత్త నాలుగు మూలలా పసుపు పూసి దేవుని గూట్లో పెట్టిందంటివి. దాన్ని బయటికి తియ్యి. ఎందుకే అని అడిగితే, అల్లుడు ఇంకోసారి చదవాలంట అని చెప్పు.

ఇట్లు,
బుధవారం దాకా మీ ఇంటి అల్లుడైన నీ భర్త,
బాలసుబ్రహ్మణ్యం