క్లచ్ లేని పికప్

2000 మార్చి 6

ఇవాళ కూడా మా ఆయన కిటికీ దగ్గరే నిలబడ్డారు, నా బండి కార్‌పార్క్ దాటేదాకా. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇదే వరస. క్లచ్ తొక్కే బలం ఆ కాలికి ఇక రాదని డాక్టర్ చెప్పేశాడు. అందుకని ఆయన ఫ్లాట్‌లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతారు. నేను మా ముసలి పికప్‌లో టోవా పాయోలోని మా ఇంటి నుంచి ఆఫీసులుండే తంజోంగ్ పగార్ దాకా లంచ్ ప్యాకెట్లు తీసుకెళ్తాను. ఆంధ్రా నుంచి కొత్తగా దిగిన ఐటీ కుర్రాళ్ళు గోంగూర పేరు చెబితే చాలు, మీటింగులు వదిలేసి లిఫ్ట్ దిగి వస్తారు.

ఒక మాట ఇక్కడైనా రాసుకోవాలి. ఆయన మెట్ల మీద పడ్డందుకు ఏడ్చాను, నిజం. స్టీరింగ్ నా చేతికొచ్చినందుకు సంతోషంగా ఉంది. అదీ నిజమే. పెళ్ళయిన కొత్తలో సరదాకి తీసుకున్న లైసెన్స్ ఇన్నాళ్ళూ పట్టుచీరల కింద పడి ఉంది.

మార్చి 9

బండి స్టార్ట్ చేయగానే పాట మొదలెడుతున్నాను. గట్టిగా. అద్దాలు దించి మరీ.

మార్చి 14

కృష్ణచైతన్య అని మా లంచ్ కస్టమర్, కంప్యూటర్ కుర్రాడు. ఇంటర్నెట్‌లో చూశానని ఒక కాగితం ప్రింట్ తీసి ఇచ్చాడు. ఊరికి ఉత్తరాన ఉన్న యీషున్‌లో ఎవరో మా మోడల్ పికప్‌కి సరిపోయే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అమ్ముతున్నాడట. సెకండ్‌హ్యాండే. కానీ రేసుల కోసం గట్టిగా తయారు చేయించుకున్న పెర్ఫార్మెన్స్ బాక్స్. ఇది బిగిస్తే క్లచ్చే ఉండదు ఆంటీ, అంకుల్ కుడికాలు ఒక్కదాంతో నడిపేయొచ్చు అన్నాడు. ఎంత మంచి పిల్లాడో! వాడి మీద పీకల దాకా కోపం వచ్చింది.

నేను ఇంటికొచ్చేసరికి ఆయనకి ఫోన్ కూడా చేసేశాడు. ఆయన ఉల్లిపాయల చేత్తోనే మా మెకానిక్ జగన్మోహనరావుకి ఫోన్ కొట్టారు. లోడ్ మోసే బండికి గట్టి బాక్స్ మంచిదేనట, సర్కారు ఇన్‌స్పెక్షన్ సంగతి తను చూసుకుంటాడట. లోపలి నూనె ఎర్రగా ఉండాలి, నల్లబడి మాడు వాసన కొడితే మాత్రం వద్దన్నాడట. రేపు లంచ్ డెలివరీ అయ్యాక నువ్వెళ్ళి చూసిరా సుభద్రా అన్నారు ఆయన. ఆ మొహంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

మార్చి 15, సాయంత్రం

యీషున్ వెళ్ళాను. అమ్మేవాడుండే అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద బండి ఆపాను. వాన. దిగలేదు. వైపర్లు చూస్తూ కూర్చుని తిరిగొచ్చేశాను. మా కార్‌పార్క్ నుంచి ఇంట్లోకి వచ్చేలోగా తడిసిపోయాను.

చూశానని చెప్పాను. నూనె నల్లగా ఉంది, మాడు వాసన కొట్టింది అన్నాను. ఆయన చెప్పిన మాటలే ఆయనకి తిప్పి అప్పజెప్పాను.

నమ్మేశారు. పోనీలే, వానలో నా కోసం అంత దూరం వెళ్ళావు అంటూ కుంటుకుంటూ వెళ్ళి తువ్వాలు తెచ్చిచ్చారు. తల తుడుచుకునే వంకతో మొహం దాచుకున్నాను.

మార్చి 16

మాడు వాసన నా ముక్కులోంచి పోవట్లేదు.

మార్చి 24

పక్క ఫ్లాట్ రామదాసు అంకుల్ వచ్చారు. ఆయన ముందు మా ఆయన ఒకటే గొప్పలు. నాకంటే మా ఆవిడే బాగా నడుపుతుంది, బండి ఇక తనదే అన్నారు. తన చలవ కళ్ళద్దాలు కూడా నాకిచ్చేశారు, ఎదురెండ కొడుతుంది పెట్టుకో అని. నేనేం మనిషిని?

ఏప్రిల్ 1

ఉండబట్టలేక మళ్ళీ యీషున్ వెళ్ళాను. ఈసారి పైకెక్కి బెల్ కొట్టాను. అమ్మేవాడు చైనీస్ కుర్రాడు. సోల్డ్ ఆల్రెడీ లా, ఆంటీ, అన్నాడు. ఎవరో లారీ తెచ్చి తీసుకెళ్ళారట. ఇక సరిదిద్దుకునే దారి లేదనుకుంటూ కిందికి దిగాను.

ఇంటికొచ్చి చెప్పేద్దామని నోరు తెరిచాను. ఉగాది ఆర్డర్లు అయిపోగానే బండి సర్వీసుకి ఇద్దాం అన్నారు ఆయన. తెరిచిన నోటితో సరే అన్నాను.

ఏప్రిల్ 8

బండి జగన్మోహనరావు దగ్గర వదిలాం. వారం పైనే పడుతుందట. సర్వీసుకి అన్నాళ్ళెందుకో. అడిగే మొహం నాకెక్కడిది?

ఏప్రిల్ 17

బండి వచ్చింది. నేను ప్యాకెట్లతో కిందికి వెళ్ళేసరికి ఆయన డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నారు. ఆయన కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు.

తంజోంగ్ పగార్ దాకా ఆయనే నడిపారు. దారిలో తాపీగా చెప్పారు. మాడిన బాక్స్‌ని బాగుచేయించుకోవచ్చేమో అడుగుదామని, నేను వెళ్ళొచ్చిన మర్నాడే అమ్మే కుర్రాడికి ఫోన్ చేశారట. చూడ్డానికి అసలెవరూ రాలేదే అన్నాడట. ఆ తర్వాత జగన్మోహనరావుని లారీతో పంపి బాక్స్ కొనేశారట. అంటే నాకు కళ్ళద్దాలు ఇచ్చిన రోజుకే ఆయనకి అంతా తెలుసు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. నడపాలని ఉందని నాతో ఒక్క మాట అంటే సరిపోయేదిగా అన్నారు. వెళ్ళేటప్పుడు నేను, వచ్చేటప్పుడు నువ్వు అన్నారు. ఇవాళ నావల్ల కాదు, మీరే నడపండి అన్నాను.

ఏప్రిల్ 18

తిరుగు దారిలో నేను నడిపాను. నా ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతుకుతూనే ఉంది. పాడవేం అన్నారు ఆయన.

నా పాట రోజూ కిటికీలోకి వినపడేదట.