చేపలకు చీకటి

శుక్రవారం, రాత్రి

ఈ ఉదయం జీబ్రా చేపలు గుడ్లు పెట్టాయి! తొట్టి అడుగున పరిచిన గోలీల సందుల్లో, ఆవగింజకన్నా చిన్నవి, గాజులా మెరుస్తూ.

ల్యాబ్‌లో చోటు లేక తొట్టిని మా కృష్ణానగర్ గదికి తెచ్చుకున్నప్పటి నుంచి ఒక్క గుడ్డూ లేదు. సోమవారంలోగా ఎదిగే పిండాలు చూపించకపోతే పరిశోధనకు వేరే టాపిక్ తీసుకోమన్నారు మా గైడ్ సార్. మేత మార్చాను, నీళ్లు మార్చాను. చివరికి అసలు కారణం తట్టింది. రాత్రి బాగా చీకటిగా ఉండి, తెల్లవారి వెలుగు పడితేనే ఇవి గుడ్లు పెడతాయి. మా ఎదురింట్లో రోజూ రాత్రంతా సినిమా షూటింగే, ఆ లైట్ల వెలుగంతా మా కిటికీలోంచి తొట్టి మీదే. ఆ లైట్లు పెట్టేది మా నాన్నే.

నిన్న ఆయనకు ఈ సంగతి చెప్పడానికి ముందు వెనకాడాను. ఆ లైట్లతోనే కదా నన్ను చదివించాడు. చివరికి చెబితే నవ్వాడు.

“నీ చేపలు మా హీరోయిన్ కంటే ఎక్కువ నఖరాలు చేస్తున్నయి గదనే! ఫికర్ చెయ్యకు బిడ్డా.”

సెట్ నుంచి నల్ల గుడ్డ తెచ్చి కిటికీకి కట్టాడు.

ఈ పొద్దున నాన్న డ్యూటీ నుంచి రాగానే మైక్రోస్కోప్‌లో గుడ్డు చూపించాను. చూస్తుండగానే ఒక కణం రెండుగా చీలింది.

“అరె! కట్ ఎవరు చెప్పిండ్రే?” అన్నాడు.

రేపటికి పిండాల్లో గుండె కొట్టుకోవాలి. సోమవారం దాకా నిలుస్తాయో లేదో… నిలుస్తాయిలే.

ఈ రాత్రీ షూటింగ్ ఉంది. గదిలో బల్బు వెయ్యకూడదు కనుక, బయట మెట్ల మీద కూర్చుని నాన్న లైటు వెలుగులోనే ఇది రాస్తున్నాను.