మూడు అని చెప్పాను

వదినకు,

‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టడం ఇన్నేళ్ల అలవాటు. ఈసారి ఆ వాక్యం రాయడం లేదు. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, విషయం మధ్యలోనే పోతుంది. అందుకే కాగితం.

ముందు అసలు మాట. అన్నయ్య ఆఫీసులో ఆయన వచ్చే నెల ఇటు వస్తున్నాడని, ఆయన చేతికి నా నొప్పి మాత్రలు ఇచ్చి పంపుతానని అన్నావు. పంపకు. ఈసారే కాదు, ఇంకెప్పుడూ పంపకు. రెండేళ్ల క్రితం అక్కడ నా నడుముకు ఆపరేషన్ అయ్యాక డాక్టరు మూడు నెలలకు రాసిచ్చిన మాత్రలతో ఈ దేశానికి తిరిగొచ్చాను. అవి అయిపోయిన దగ్గర్నుంచి నువ్వే పంపుతున్నావు. ‘మందుల షాపులో పనిచేసే వదిన ఉండి ఏం లాభం’ అని నేనే కదా నవ్వుతూ అడిగాను. ఆ నవ్వు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పోయినసారి నువ్వు మాత్రల్ని అట్టల్లోంచి తీసేసి, పాత విటమిన్ సీసాలో పోసి పంపావు. తెచ్చే మనిషి భయపడుతున్నాడని అన్నావు. నేనూ పట్టించుకోలేదు. తర్వాత ఇక్కడి డాక్టరు దగ్గరికి మూడోసారి వెళ్లినప్పుడు, ‘ఇప్పుడు ఏం వాడుతున్నారు?’ అని అడిగితే, దాచడం దేనికని ఆ సీసా తీసి బల్ల మీద పెట్టాను. ఆయన రెండు మాత్రలు కాగితం మీద వంపుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇవి ఎవరు రాశారు?”

“ఇంటి నుంచి పంపారు.”

“చీటీ ఉందా?”

“లేదు.”

“సీసా మీద విటమిన్ అని ఉందే?”

నేను సీసా మూత బిగించాను. ఆయన కంప్యూటర్‌లో ఏదో రాసుకున్నాడు. మందు రాయలేదు.

మర్నాడు మందుల షాపుకి వెళ్లి, చీటీ లేకుండా ఏదైనా దొరుకుతుందేమోనని అడిగాను. కౌంటర్ దగ్గరి ఆవిడ కంప్యూటర్ తెర వంక చూసి, నా వంక చూసి, వరసలో ఉన్న అయిదుగురికీ వినబడేలా చెప్పింది. “మీకు ఇక్కడ దొరకదు. ఇంకో షాపుకి వెళ్లి కూడా అడక్కండి. మీ సంగతి అందరికీ కనబడుతుంది.” నా వెనక నిలబడ్డ మనిషి మా కుట్టు దుకాణానికి వచ్చేవాడే. ఆ రోజు అతను వేసుకున్న ప్యాంటు అంచు మడిచి కుట్టింది నేనే. అతను తన బూట్లు చూసుకున్నాడు. ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు వదినా. నీకే మొదట చెబుతున్నాను.

నా సంగతి అందరికీ కనబడుతోంది, నాకు తప్ప. అందుకని నా ఫైలు నాకు ఇమ్మని అర్జీ పెట్టాను. అడిగితే ఇవ్వాలని ఇక్కడ రూలు ఉంది. పన్నెండు రోజులకు ముప్ఫై ఒక్క పేజీలు చేతికొచ్చాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. అందులో ఉన్నది ఇది.

మొదటిసారి వెళ్లినప్పుడు: ‘ఎలా ఉన్నారని అడగ్గా, బాగున్నానని చెప్పింది. నొప్పి సున్నా నుంచి పది లోపల ఎంత అంటే, మూడు అంది. దుస్తులు నీటుగా ఉన్నాయి. నవ్వుతూ మాట్లాడింది.’ రెండోసారి: ‘బాగున్నానని చెప్పింది. నొప్పి మూడు.’ మూడోసారి: ‘నొప్పి మూడు అంటూనే గట్టి మందు అడుగుతోంది. పేరు లేని మాత్రలు వేరే సీసాలో తెచ్చింది. మందుకు అలవాటు పడి ఉండవచ్చు. జాగ్రత్త.’

డాక్టరు మీద కేకలు వేద్దామని చదవడం మొదలుపెట్టాను. చదివాక వేయలేకపోయాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. బాగున్నానని అన్నాను. ఎదురుపడ్డ మనిషి ఎలా ఉన్నావంటే బాగున్నాననక ఇంకేమంటాం? చీర ఇస్త్రీ చేసుకునే వెళ్లాను. డాక్టరు దగ్గరికి నలిగిన బట్టల్లో వెళ్లేదాన్నా? మూడు అని చెప్పాను. ఎందుకంటే పది అంటే నాకు నాన్న ఆఖరి నెల. ఎముకల్లోకి పాకిన జబ్బుతో ఆయన మంచం కోడు పట్టుకున్న చేయి నువ్వూ చూశావు. ఆ చెయ్యి పది అయితే, కుర్చీలో కూర్చుని మాట్లాడగలుగుతున్న నేను ఏ మొహం పెట్టుకుని ఎనిమిది అనను? మర్యాదగా మూడు అన్నాను. ఎడమ కాలు నడుము నుంచి మడమ దాకా వేడి నీళ్లు పోసినట్టు మండుతుంటే, మూడు.

మా ఆయన సలహా ఏమిటో తెలుసా? “కాస్త కుంటుకుంటూ వెళ్లు. రెండు కన్నీళ్లు పెట్టుకో. నీ సొమ్మేం పోయింది?” నిజంగా నొప్పి ఉన్నదాన్ని, నొప్పి నటించాలట! నటించను. ఇంకో డాక్టరు దగ్గరికీ పోను. ఉద్యోగం మానేసి వచ్చేయమని అన్నయ్య అంటాడు, రాను. అదే డాక్టరు, అదే కుర్చీ, నా పేరు మీద చీటీ. అది వచ్చేదాకా ఊరుకోను. సీసాలో పంతొమ్మిది మాత్రలు ఉన్నాయి. ఒక్కసారిగా ఆపకూడదని నాకూ తెలుసు, సగం సగం చేసి వాడుతున్నాను.

మళ్లీ చెబుతున్నాను. పంపకు.

నీ ఆడపడుచు,
కత్తెర

•

కత్తెరమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు రాయకపోతే నేనైనా రాయాలి కదా, లేకపోతే అది ఉత్తరమెలా అవుతుంది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చూపించలేదు. చూపిస్తే టికెట్టు కొని ఆ డాక్టరుతో కొట్లాటకు బయల్దేరతాడు. ఆయన సంగతి నీకు తెలియంది కాదు, దారి అడగడానికి కూడా మొహమాటపడే మనిషి, కొట్లాటకు మాత్రం ముందుంటాడు.

పంపకు పంపకు అని రెండుసార్లు ఆర్డరు వేశావు. ఆడపడుచు అధికారం చూపిస్తున్నావు కాబోలు. నా పెళ్లయిన కొత్తలో నా జాకెట్టు కుట్టి, చంకలో బిగుతైందంటే ‘చెయ్యి ఎత్తకు వదినా’ అన్నదానివి నువ్వు, ఆ రోజే కదా నీకు కత్తెర అని పేరు పెట్టాను. నీ మాట అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినను. పంపుతాను. ఆ ఆఫీసాయన ప్రయాణానికి ఇంకా నలభై రోజులున్నాయి.

కానీ నువ్వు నీ ఫైలు తెరిచి చూపించాక నేను నాది దాచుకుంటే బాగుండదు. ఆ మాత్రలు షాపు సరుకులోంచి తీసినవి కావు. అలాంటి మందుకి మా షాపులో వేరే రిజిస్టరు ఉంది. రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చాం, అన్నీ రాయాలి. ఊరికే తీసి పంపడానికి వీల్లేదు. ఆ రిజిస్టరులో ఉన్న పేరు నాది.

పధ్నాలుగేళ్లుగా ఆ కౌంటర్ వెనక తలెత్తి పై అరల్లోంచి డబ్బాలు తీస్తున్నాను. మెడలో రెండు పూసల మధ్య అరిగిపోయిందన్నారు. కుడి భుజం నుంచి వేళ్ల దాకా గుంజుతుంది. మన డాక్టరు రోజుకు రెండు మాత్రలు రాశారు. మొదట్లో ఒకటి నాకు, ఒకటి నీకు. తర్వాత నీ ఆపరేషన్ గుర్తొచ్చి, నాకు ఆదివారం మాత్రమే చాలనుకున్నాను. డాక్టరుగారు “తగ్గిందా అమ్మా?” అంటే “ఫర్వాలేదండీ, అదే మోతాదు ఉంచండి” అంటాను. తగ్గిందంటే రాయడం మానేస్తారు, తగ్గలేదంటే మందు మారుస్తారు. మారిస్తే నీకు పనికిరాదు.

అట్టలు తీసేసింది కూడా తెచ్చే మనిషి భయానికి కాదు. మేం అట్ట మీద రోగి పేరు రాసి ఇస్తాం. నా పేరు నీ కంట పడకూడదని తీసేశాను. దాని వల్లే ఆ డాక్టరు ముందు నీకు మాట పోయిందని ఇప్పుడు తెలిసింది. తప్పు నాది, తిట్టు. కానీ మాత్రలు మాత్రం తీసుకో. నాది అంత పెద్ద నొప్పేం కాదు. నేను బాగానే ఉన్నాను.

నీ వదిన

•

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి సిగ్గేసింది. మూడోసారి చదువుతుండగా, మా దుకాణం యజమానురాలు ఏమైందని అడిగితే అంతా చెప్పేశాను. ఆవిడ నలభై ఏళ్లుగా బట్టలు సరిచేస్తోంది, ఓదార్చడం చేతకాదు. చేతిలో ఉన్న గుండుసూదులు డబ్బాలో వేసి అడిగింది.

“నడుము ముప్ఫై అని కస్టమర్ చెబితే నమ్మి కత్తెర పెడతావా?”

“పెట్టను. టేపు పెట్టి చూస్తాను.”

“మరి నిన్ను నువ్వు ఎందుకు నమ్మావు?”

నొప్పికి టేపు లేదన్నాను. నొప్పికి లేదు, నొప్పి ఆపేసిన పనికి ఉంది కదా అంది. మర్నాటి నుంచి మిషను దగ్గర కూర్చున్నప్పుడు గడియారం చూశాను, లేవాల్సి వచ్చినప్పుడల్లా బల్ల అంచు మీద సుద్దతో గీత గీశాను. సాయంత్రం ఆవిడే గీతలు లెక్కపెట్టి, నోటు పుస్తకంలో రాసి సంతకం చేసేది. పధ్నాలుగు రోజులు రాశాం. పూర్తి మాత్ర వేసుకున్న రోజు ఏకబిగిన కూర్చోగలిగింది యాభై నిమిషాలు. సగం వేసుకున్న రోజు ఇరవై రెండు. వేసుకోని ఒక్క రోజు తొమ్మిది. ఆ తొమ్మిదో నిమిషంలో ఒక పెళ్లికూతురి గౌను మీద సూది వంకర పోయింది. ఆవిడ అదీ రాసింది.

పుస్తకం పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లాను. చీర ఇస్త్రీ చేసుకునే వెళ్లాను, అది మాత్రం మానలేదు. ఈసారి మన భాష మనిషి కావాలని ముందే అడిగాను. బల్ల మీద ఫోన్ పెట్టారు, అందులోంచి ఒకావిడ రెండు వైపులా భాష మార్చి చెబుతుంది. డాక్టరు ఎలా ఉన్నారని అడిగాడు. నేను నోరు తెరిచాను. అలవాటు ఎక్కడికి పోతుంది వదినా, బా అనే అక్షరం బయటికొచ్చేసింది.

ఫోన్‌లోంచి ఆవిడ మెల్లగా అంది. “అమ్మా, బాగున్నాననే చెప్పమంటారా? నేను అడక్కూడదు గానీ, మనవాళ్లు బాగున్నానంటారు, నొప్పి మూడంటారు. మూడు దాటి చెప్పిన మనిషి నాకింతవరకు తగల్లేదు.”

నాకు నవ్వొచ్చింది. డాక్టరు ఏమిటని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను ఆవిడతో. “బాగాలేను. మొదటి రెండుసార్లు బాగున్నానని మర్యాదకి అన్నాను. మూడు అన్నది మా నాన్నతో పోల్చుకుని అన్నాను. సీసాలోవి మా వదిన మాత్రలు, నాకోసం ఆవిడ మానుకున్నవి. అది తప్పే, ఇక వాడను. మీరు రాసుకున్నదాంట్లో అబద్ధం లేదు, కానీ అది నేను కాదు. ఇదిగో నా కొలతలు.”

ఆయన పుస్తకం మొత్తం చదివాడు. సుద్ద గీతలంటే ఏమిటని అడిగాడు, చెప్పాను. ఆపరేషన్ కాగితాలు ముందే ఎందుకు తేలేదన్నాడు. “మీరు అడగలేదు, నేను ఇవ్వలేదు” అన్నాను. తర్వాత, “వదిన మాత్రలు వాడటం ప్రమాదం” అన్నాడు. “అందుకే వచ్చాను” అన్నాను. “‘అలవాటు పడి ఉండవచ్చు’ అన్న పేజీ పక్కన ఈ పుస్తకం నకలు పెట్టండి. పెట్టేదాకా లేవను. ఇప్పటికి పదకొండు నిమిషాలైంది, నాకు ఇంకో పదకొండు నిమిషాలు కూర్చునే ఓపిక ఉంది.”

పెట్టాడు. నరాల డాక్టరుకు ఉత్తరం రాశాడు. మందు నెలకు సరిపడా రాశాడు, నేను అడిగినదానికంటే తక్కువ మోతాదు, ప్రతి నెలా వచ్చి కనబడాలన్నాడు. కనబడతాను. చీటీ పట్టుకుని అదే మందుల షాపుకి వెళ్లాను, అదే కౌంటర్, అదే ఆవిడ. వరసలో నలుగురున్నారు. చీటీ చూసి గొంతు తగ్గించి మాట్లాడబోయింది. “గట్టిగా చెప్పండి, పోయినసారి చెప్పినట్టే” అన్నాను. నా పేరు గట్టిగా పిలిచి డబ్బా ఇచ్చింది.

ఆ డబ్బా మీది పేరు చీటీ ఒలిచి ఈ కాగితం అడుగున అంటించాను, చూసుకో. నీ ప్రయాణికుడు ఖాళీ చేతులతో రావచ్చు.

ఇక నీ వంతు. మెడ ఎత్తినప్పుడు ఎన్నో డబ్బా దగ్గర చెయ్యి గుంజుతుందో లెక్కపెట్టు. ఏ వేలు మొద్దుబారుతుందో రాయి. నీ మాత్రలు నువ్వు వేసుకో, రెండూ. వచ్చే వారం మన డాక్టరుగారు తగ్గిందా అని అడిగితే ఫర్వాలేదు అన్నావంటే, అన్నయ్యను ఇటు కాదు, ఆ క్లినిక్‌కే కొట్లాటకు పంపిస్తాను.

ఎలా ఉన్నావు వదినా? బాగున్నానని రాయకు. అంకె రాయి.

నీ కత్తెర,
పొద్దున ఏడు, ఇప్పుడు నాలుగు