అంచు కట్టుడు

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రఘునాథపల్లిలో జ్ఞాపకార్థ ప్రార్థన ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, వదిన వాకిట్లో ఈతాకు ముందేసుకుని బుట్ట అల్లడానికి కూర్చుంది. ఆకు తనే పొలంగట్టున కోసి, ఎండబెట్టి, తడిపి పెట్టుకుందట. కొసను పళ్ళతో పట్టి చీలుస్తుంటే అచ్చం నువ్వే. నాకు ఒళ్ళు మండింది.

చిన్నప్పుడు నేను ఈతాకు ముట్టుకుంటే, "ముండ్లు గుచ్చుకుంటయ్ బిడ్డా, నువ్వు సదువుకో పో" అని తరిమేదానివి. అన్న పెళ్ళి చేసుకుని తెచ్చిన మనిషికి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పావు. కన్నకూతురిని నేను కదా!

"నాకు గూడ నేర్పు వదినా" అన్నాను, కొంచెం కటువుగానే. ఆమె నవ్వి, జరిగి చోటిచ్చింది. వేళ్ళు కోసుకుంటూనే ఒక చిన్న బుట్ట పైదాకా అల్లాను. అక్కడ వదిన ఆగిపోయింది.

"అంచు కట్టుడు నాకు రాదు సునీతా. అత్తమ్మనే కట్టేది. నేర్పుమంటే, జర ఆగు అనేది. అంతల్నే పాయె."

ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే నాకు లోపల సంబరమైంది. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి!

వదిన వంటింట్లోకి వెళ్ళాక నువ్వు చివరగా అల్లిన బుట్ట తీసి, అంచు ఒకచోట మెల్లగా విప్పాను. ఆకు ఎటు మడిచావో, ఎక్కడ దోపావో చూశాను. మళ్ళీ కట్టాను. వచ్చేసిందమ్మా.

రేపు వదినకు చూపిస్తాను. ఈ ఒక్కరోజు మాత్రం అది మనిద్దరికే తెలిసి ఉండనీ.

నీ సునీత